వారంటీలో ఇంజిన్ విప్పారు: కంపెనీ పిస్టనా, ఫోర్జ్‌డ్ పిస్టనా?

నమస్కారమండీ. మాది విజయవాడ, పటమట. నా బైక్ 22 వేల కిలోమీటర్లు తిరిగింది, వారంటీ ఇంకా 14 నెలలుంది. రెండు నెలలుగా ఇంజిన్ ఆయిల్ తగ్గిపోతోంది, సైలెన్సర్‌లోంచి నీలం పొగ. సర్వీస్ సెంటర్‌లో విప్పి చూస్తే బోర్ (పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టం) లోపల గీతలు పడ్డాయట. బోర్, పిస్టన్, రింగులు ఉచితంగా మారుస్తామన్నారు.

ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ అన్న మాత్రం "ఎలాగూ విప్పారు కదా తమ్ముడూ, ఫోర్జ్‌డ్ పిస్టన్ వేయించుకో, గట్టిగా ఉంటుంది" అంటున్నాడు. ఆయన పని మీద నాకు నమ్మకమే. కానీ ఫోర్జ్‌డ్ పిస్టన్ (లోహాన్ని బాగా నొక్కి తయారుచేసేది) సాధారణంగా మామూలు పోత పిస్టన్ కంటే వేడికి ఎక్కువ సాగుతుంది కాబట్టి బోర్‌లో ఖాళీ ఎక్కువ ఉంచాలి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చప్పుడు రావచ్చు. రేపు ఇంకేదైనా పాడైతే, ఆ పార్టు చూపించి వారంటీ కుదరదంటారేమోనని టెన్షన్.

నాకు స్పీడ్ అక్కర్లేదు. ఉద్యోగానికి రోజూ గుంటూరు వెళ్లి రావాలి, అంతే. అసలు గీతలు ఎందుకు పడ్డాయో ఎవరూ చెప్పడం లేదు. ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము వెళ్లిందా, ఆయిల్ సరిగ్గా అందలేదా? అది తేలకుండా ఏ పిస్టన్ వేసినా మళ్లీ ఇదే కదా!

వారంటీ ఉండగా బయటి పార్టు వేయించుకున్నవాళ్లుంటే, తర్వాత క్లెయిమ్‌కి ఇబ్బంది వచ్చిందో లేదో చెప్పండి. కారణం రాతపూర్వకంగా ఇమ్మని అడగొచ్చా? శనివారంలోపు వాళ్లకు జవాబివ్వాలి.