యాసంగి వరిలో ఆరుతడి: 40 ఎకరాల ప్లాన్ ఎలా రాయాలి?

గట్టుమీద:
నల్గొండ వైపు బోర్ల కింద 25 ఎకరాలు, సాగర్ ఎడమ కాల్వ కింద 15. రైతు సంఘం తరఫున ఆరుతడి (ఎప్పుడూ నీళ్లు నిలపకుండా, మడి ఆరనిచ్చి మళ్లీ తడపడం) ప్లాన్ రాస్తున్నాం. మడిలో నీటి మట్టం చూసే గొట్టాలు ఎన్ని కావాలి, నీళ్లు ఎప్పుడు ఆపాలి? మీథేన్ లాంటి వాయువులు తగ్గించినందుకు వచ్చే కార్బన్ క్రెడిట్ డబ్బును ఆదాయం కింద చూపొచ్చా? సెన్సార్లకు ఒక కొటేషన్ కూడా వచ్చింది.

తూములెక్క:
సెన్సార్లు పక్కన పెట్టండి. 4 అంగుళాల పీవీసీ పైపు 20 అడుగులది కోస్తే అడుగు ముక్కలు 20 వస్తాయి. మూడు పైపులు తెస్తే ఎకరాకొకటి పోను, ఎగుడుదిగుడు మళ్లకు ఇంకో 20 మిగుల్తాయి. ముక్క కింది సగం చుట్టూ 2 సెంటీమీటర్ల ఎడంతో 5 మిల్లీమీటర్ల బెజ్జాలు వేయండి. ఆ సగం మట్టిలోకి, పై సగం బయటికి. దించాక లోపలి మట్టంతా తోడేయాలి, చాలామంది వదిలేసేది ఇదే. నీళ్లు పెట్టిన కొన్ని గంటలకు గొట్టం లోపలా బయటా మట్టం ఒక్కటే ఉండాలి. లోపల తక్కువుంటే బెజ్జాలు పూడాయన్నమాట, పీకి కడిగి మళ్లీ దించండి.

గట్టుకు మీటరు లోపలికి, మరీ మెరక, మరీ పల్లం కాని చోట పెట్టండి. పల్లంలో పెడితే గొట్టంలో నీళ్లు కనిపిస్తూనే ఉంటాయి, మెరక మీద పైరు వాడిపోతుంది.

నాటిన రెండు వారాల దాకా పలచగా నీళ్లుండాలి, లేకుంటే కలుపు ఎగబడుతుంది. ఆ తర్వాత గొట్టంలో మట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడే తడి, అదీ 5 సెంటీమీటర్లు. ఈనడానికి ముందు వారం, తర్వాత వారం మాత్రం ఆరనివ్వొద్దు, తాలు పెరుగుతుంది. యూరియా ఆరిన మడిలో చల్లి వెంటనే నీళ్లు పెట్టండి.

రేగడి:
పైన చెప్పిన 15 సెంటీమీటర్ల లెక్క నల్లరేగడిలో గుడ్డిగా పట్టుకోవద్దు. నెర్రెలు మొదలైతే దమ్ము చేసిన అడుగు పొర పగిలి, తర్వాతి తడి అందులోకే పోతుంది. ఆదా చేసిందంతా అక్కడే ఖర్చు. సన్న నెర్రె కనిపించగానే తడి పెట్టండి. చౌడు మళ్లు ప్లాన్‌లోంచే తీసేయండి, ఆరితే ఉప్పు పైకి తేలుతుంది.

అసలు చిక్కు గొట్టంతో కాదు, నీటి తాళం ఎవరి చేతిలో ఉందన్నదే. కాల్వ నీళ్లు వంతుల వారీగా వదిలే వారబందీలో తర్వాతి తడి తేదీ గట్టిగా తెలియకపోతే ఎవరూ మడి ఆరనివ్వరు, వచ్చినప్పుడే నింపుకుంటారు. కాబట్టి ఆ 15 ఎకరాలు ఈ సీజన్‌కు వద్దు. బోర్ల దగ్గర కరెంటు ఉచితం, నీళ్లు తగ్గించినా బిల్లులో మిగిలేదేం లేదు. పైగా ఆటో స్టార్టర్ ఉంటే కరెంటు రాగానే మోటారు తిరుగుతుంది, గొట్టం చూసేదెవరు? ముందు అవి తీయించండి. ప్లాన్ ఎకరాల్లో కాదు, మోటార్ల వారీగా రాయండి: ఒక్కో మోటారుకు ఒక నోటుపుస్తకం, అందులో రోజూ గొట్టం మట్టం, మోటారు ఆడిన గంటలు.

లెక్కలమారి:
క్రెడిట్ల సంగతి. ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం) 2019 లెక్కలో దక్షిణాసియా వరికి, ఎప్పుడూ నీళ్లు నిలిపితే హెక్టారుకు రోజుకు 0.85 కిలోల మీథేన్. 110 రోజులకు ఎకరాకు దాదాపు 38 కిలోలు. పలుమార్లు ఆరబెడితే గుణకం 0.55, అంటే 17 కిలోలు తగ్గుతుంది. మీథేన్ వేడి ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌కు 27 రెట్లు, ఆ 27తో గుణిస్తే ఎకరాకు అర టన్ను కూడా కాదు. ఆరుతడిలో నైట్రస్ ఆక్సైడ్ (ఇదీ వేడి పెంచే వాయువే) కొంత పెరుగుతుంది, అదీ తీసేయాలి. మీ 25 ఎకరాలకు మహా అయితే 11 టన్నులు, తనిఖీ ఖర్చుకే చాలదు. వరికి క్రెడిట్లు లెక్కగట్టే పాత పద్ధతిని, క్రెడిట్లు జారీచేసే వెర్రా సంస్థ 2023లో ఆపేసి 2025లో కొత్తది తెచ్చింది, పాత లెక్కలతో ఆశపెట్టే ఏజెంట్లను నమ్మొద్దు. ఆదాయం గడిలో సున్నా వేయండి.

గట్టుమీద:
ఒక మోటారు కింద ముగ్గురి మళ్లున్నాయి. ఎవరి గొట్టం చూసి మోటారు వేయాలి?

రేగడి:
ముందుగా ఆరే మడిది. సాధారణంగా అది మెరక మీద ఉంటుంది, తడి కూడా అక్కడి నుంచే మొదలుపెట్టి పల్లానికి దించండి. మొదటి రెండు తడులు ముగ్గురూ కలిసి చూస్తే ఏ మడో తేలిపోతుంది.