విశ్వాసం వల్లనే విశ్రాంతి అయితే క్రియలు ఎందుకు?

హనుమకొండ సభ్యుడు:
హెబ్రీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం 3వ వచనాన్ని బట్టి, విశ్వసించినవారే దేవుని విశ్రాంతిలో ప్రవేశిస్తారని మా సంఘకాపరి గారు బోధించారు. అయితే అదే అధ్యాయం 11వ వచనం ఆ విశ్రాంతిలో ప్రవేశించడానికి జాగ్రత్తపడమంటుంది, యాకోబు తన పత్రికలో క్రియలు లేని విశ్వాసం మృతమంటాడు. ఉపవాసం, దశమభాగం, పరిచర్య ఏవీ లెక్కకు రావంటే సంఘంలో పనిచేసేవారు ఎవరుంటారు?

జగిత్యాల సభ్యురాలు:
వందనాలన్నా. ఆ 11వ వచనాన్ని 3వ అధ్యాయం చివరి మాటతో కలిపి చదవండి. అరణ్యంలో 40 ఏళ్లు తిరిగిన ఇశ్రాయేలీయులు వాగ్దాన దేశంలో అడుగుపెట్టలేకపోయింది నడక చాలక కాదు, అవిశ్వాసం చేతనే అని అక్కడ స్పష్టంగా ఉంది. కనుక మనం జాగ్రత్తపడవలసింది నమ్మకం సడలకుండా చూసుకోవడానికే.

మా మేనత్త బీడీలు చుట్టి బతికింది. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి, బాగాలేవని ఏరి పక్కన పడేసినవాటికి పైసా రాదు. దేవుడు కూడా తన బతుకును అలాగే ఏరుతాడని ఆమె నమ్మింది. ఒక్క శుక్రవారం ఉపవాస ప్రార్థన తప్పినా ఆ రాత్రి ఆమెకు కునుకు పట్టేది కాదు. నడుము పడిపోయి మంచం పట్టినప్పుడు, కూటాలకు రానందుకే ఈ జబ్బు వచ్చిందని ఒక బోధకుడు ఆమె ముఖం మీదే అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా" అన్న మత్తయి సువార్త వచనం ఆమెకు ఏనాటి నుంచో కంఠస్థమే. ఆ పిలుపులో రమ్మనడమే తప్ప ముందు బాకీ తీర్చమనడం లేదని మాత్రం, చేతులు ఏ పనీ చేయలేని ఆ రోజుల్లోనే ఆమెకు అర్థమైంది.

ఇక యాకోబు మాట. అబ్రాహాము నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది అన్నది ఆదికాండం 15వ అధ్యాయం. అతను తన కొడుకు ఇస్సాకును బలిపీఠం మీద ఉంచడం 22వ అధ్యాయం. పౌలు రోమా పత్రికలో మొదటి సంగతిని పట్టుకున్నాడు, యాకోబు రెండవదాన్ని చూపి మొదటిది అందులో నెరవేరిందన్నాడు. వారిద్దరికీ తగవు లేదు.

కాజీపేట సభ్యుడు:
నేను కతోలికుణ్ణి. మనం నీతిమంతులుగా తీర్చబడేది మన పుణ్యం వల్ల కాదు, క్రీస్తునందలి విశ్వాసంలో కృప వల్లనే అని 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ప్రొటెస్టంట్లలో ఒక శాఖ అయిన లూథరన్ల ప్రపంచ సమాఖ్య, మా శ్రీసభ ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. అయినా కృపతో చేసిన సత్క్రియలకు ప్రతిఫలం ఉందని మేము నమ్ముతాము. అక్కా, మత్తయిలో ఆ పిలుపు తర్వాతి వచనమే "మీమీద నా కాడి ఎత్తికొని" అంటుంది. కాడి ఎత్తుకున్నవాడు దున్నకుండా ఉంటాడా?

జగిత్యాల సభ్యురాలు:
దున్నుతాడు అన్నా, కాదనను. ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయం కూడా క్రియల వలన కాదని 9వ వచనంలో చెప్పి, సత్క్రియల కోసమే సృష్టించబడ్డామని 10వ వచనంలో చెబుతుంది. ముందు విశ్వాసం, తర్వాత క్రియలు: నేను పట్టుబడుతున్నది ఆ వరుస గురించే. మేనత్త లేచి నడవగలిగాక కూడా వంటకు ముందు పిడికెడు బియ్యం తీసి మందిరం డబ్బాలో వేయడం మానలేదు. వారం చివర ఆ పిడికిళ్లను లెక్కపెట్టుకోవడం మాత్రం మానేసింది.