లేవీయకాండము 23: యాభై రోజుల లెక్క ఎక్కడ మొదలవుతుంది?

ప్రశ్న:
అందరికీ వందనాలు. సండేస్కూల్ పెద్ద పిల్లలకు పండుగల చార్టు వేస్తున్నాను. పస్కా అంటే సిలువ, ప్రథమఫల పన (కోతలో మొదటి కట్ట) అంటే పునరుత్థానం, యాభయ్యో రోజు పెంతెకొస్తు అని రాశాను. కానీ 2025లో యూదుల వారాల పండుగ (వాళ్ల యాభయ్యో రోజు) జూన్ 2న, మన పెంతెకొస్తు జూన్ 8న వచ్చాయి. 2024లోనైతే ఈస్టర్ మార్చి 31న అయిపోయింది, పస్కా ఏప్రిల్ 22 సాయంత్రం గానీ రాలేదు! పిల్లలు అడిగితే ఏం చెప్పాలి? ఈస్టర్‌కు ముందు గురువారం రాత్రి చర్చిలో పస్కా భోజనం కూడా పెడదామంటున్నారు, సరేనా?

జవాబు 1:
చిక్కంతా 23:11లో ఉన్న 'విశ్రాంతిదినమునకు మరునాడు' అన్న మాటతోనే. ఆ విశ్రాంతిదినం పస్కా పండుగ మొదటి రోజు, అంటే నీసాను (పస్కా వచ్చే యూదుల నెల) 15 అన్నారు పరిసయ్యులు, అప్పటి యూదుల్లో ఒక వర్గం. కాబట్టి పన అల్లాడించేది (దేవుని ముందు ఊపి అర్పించేది) 16న, ఏ వారమైనా సరే. కాదు, మామూలు శనివారమే అన్నారు బైతోసీయులు, సద్దూకయ్యులనే మరో యూదు వర్గానికి దగ్గరివాళ్లు. వాళ్ల లెక్కలో అది ఎప్పుడూ ఆదివారమే. నేటి యూదులది పరిసయ్యుల లెక్క. 2025లో నీసాను 16 ఏప్రిల్ 14న పడింది, అక్కణ్నుంచి యాభయ్యోది జూన్ 2.

మనకు ఈస్టరే ఒకటో రోజు. ఏప్రిల్ 20 ఒకటి, మే 31 నలభై రెండు, జూన్ 8 యాభై. చాలామంది ఈస్టర్ తేదీకి 50 కలిపేస్తారు, తీరా చూస్తే సోమవారం తేలుతుంది.

జవాబు 2:
2024 తేడాకి కారణం అధికమాసం. మన పంచాంగంలాగే యూదులకూ ఉంది, 19 ఏళ్లకు 7 సార్లు. 2024లో పస్కాకు ముందు వచ్చే అదారు నెల రెండుసార్లు వచ్చింది. మన చర్చి లెక్కకు ఆ గొడవ లేదు, మార్చి 21 నుంచి వచ్చే మొదటి పౌర్ణమి చూసి ఆ తర్వాతి ఆదివారం పెట్టేస్తుంది.

తేదీలకన్నా పంటలు రాయండి, అసలు అర్థం అక్కడుంది. పన యవలది (బార్లీ). అది అర్పించేదాకా కొత్త పంటలో రొట్టె, పేలాలు, పచ్చి వెన్నులు ఏవీ ముట్టకూడదు (23:14). పన వెళ్లిందంటే వెనక చేనంతా కోతకు ఉందన్నమాట. పౌలు క్రీస్తును 'ప్రథమఫలము' అనడం (1 కొరింథీ 15:20) ఆ లెక్కలోనే. 'పండుగ రోజునే లేచాడు' అని ఆపేస్తే సగం పోతుంది.

యాభయ్యో రోజువి గోధుమ రొట్టెలు రెండు, అవీ పులిసినవి! పులిసింది బలిపీఠం మీద కాల్చకూడదు కాబట్టి (లేవీయ 2:11) అల్లాడించి యాజకులకు ఇచ్చేవారు. ఆ రెండూ యూదులు, అన్యులు అని ప్రసంగాల్లో చెబుతారు. అది వ్యాఖ్యానం, వాక్యంలో లేదు. చార్టులో వేరే రంగుతో రాయండి. శృంగధ్వని పండుగ (బూరలూదే పండుగ) రెండో రాకడకు గుర్తు అన్నదీ అంతే.

జవాబు 3:
భోజనం పెట్టండి గానీ 'యేసు ఇలాగే చేశాడు' అనకండి. ఇప్పటి సెదెర్ (యూదుల పస్కా రాత్రి భోజనం) క్రమం చాలావరకు క్రీ.శ. 70లో ఆలయం కూలాక రూపుదిద్దుకున్నది. నిర్గమకాండము 12:8లో ఉన్నవి మూడే: కాల్చిన మాంసం, పులియని రొట్టె, చేదు కూరలు. రొట్టె బదులు చపాతీ చేసేస్తారు చాలాచోట్ల. యూదుల నియమం ప్రకారం పిండికి నీళ్లు తగిలిన 18 నిమిషాల్లోపు కాల్చడం మొదలవ్వాలి. మనం కలిపి మూతపెట్టి అరగంట నానబెట్టే పిండి వాళ్ల లెక్కలో పులిసినట్టే.