మిన్నెసోటా టౌన్‌హోమ్ కప్పులు: నెలనెలా కూడబెట్టాలా, పడ్డప్పుడు చూసుకోవాలా?

మూర్తి_ప్లైమౌత్
అందరికీ నమస్కారం. మాది ప్లైమౌత్‌లో 48 ఇళ్ళ టౌన్‌హోమ్ (గోడలు కలిసిన వరస ఇళ్ళు) అసోసియేషన్. 2004లో కట్టారు. నాలుగేసి ఇళ్ళకో బిల్డింగ్, మొత్తం 12. డ్యూస్, అంటే ఇంటికి కట్టే మెయింటెనెన్స్, నెలకి 365 డాలర్లు, అందులో 90 రిజర్వ్‌కి, అంటే పెద్ద రిపేర్ల నిధికి పోతుంది. ఖాతాలో ప్రస్తుతం 2,10,000 ఉంది.

పాత రిజర్వ్ స్టడీ (ఏది ఎప్పుడు మార్చాలో, ఎంత కూడబెట్టాలో చెప్పే రిపోర్టు) ప్రకారం మా కప్పులకి ఇంకా 9 ఏళ్ళ ఆయుష్షు ఉండాలి. ఈ వేసవిలో ఇంకో ఇంజనీరు నిచ్చెన వేసుకుని ఎక్కి చూసి, నాలుగేళ్ళు వస్తే గొప్ప అన్నాడు. ఇంటికి 14,000 చొప్పున 6,72,000 కావాలి. చేతిలో ఉన్నది, ఇదే లెక్కన నాలుగేళ్ళలో వచ్చేది కలిపినా రెండున్నర లక్షల పైచిలుకు తగ్గుతోంది. అందుకని జనవరి నుంచి ఇంటికి నెలకి 110 పెంచాలని బోర్డు ఆలోచన. బోర్డు అంటే అందులో నేనూ ఉన్నాను. ఖాళీ ఉందని పోయినేడు లాక్కెళ్ళి కూర్చోబెట్టారు. వచ్చే గురువారం మీటింగ్. సగం మంది పెంచమంటున్నారు, సగం మంది అవసరమైనప్పుడు స్పెషల్ అసెస్‌మెంట్ (అందరి దగ్గరా ఒకేసారి అదనపు వసూలు) వేసుకుందామంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

కర్నూలు_కుర్రోడు
అన్నా, నేనైతే పెంచొద్దంటా. లెక్క చూడండి. తగ్గేది 48 మందికి పంచితే ఇంటికి 5,300. నాలుగేళ్ళ తర్వాత చెక్కు రాసిస్తా, ఒక్క రోజులో పని అయిపోతుంది. అప్పటిదాకా నా డబ్బు నా దగ్గరే ఉంటుంది, కారు లోనుకో పిల్లాడి డేకేర్‌కో పనికొస్తుంది. అసోసియేషన్ ఖాతాలో పడితే వచ్చేది బోడి వడ్డీ. దాని మీద కూడా అసోసియేషన్లు వేసే 1120-హెచ్ ట్యాక్స్ ఫారం కింద 30 శాతం ట్యాక్స్.

ఇంకో మాట ఎవరూ పైకి అనరు గానీ నేను అంటా. మనలో ఎక్కువమంది టౌన్‌హోమ్ కొనేదే ఐదారేళ్ళుండి, పిల్లలు స్కూలుకొచ్చాక పెద్దింటికి మారదామని. నేను 2028లో అమ్మేస్తా. నా డబ్బుతో వేసిన కొత్త కప్పు కింద ఇంకెవరో పడుకుంటారు. నాకేంటి?

స్వాతి_వుడ్‌బరీ
తమ్ముడూ, కప్పు ఒక్కరోజులో పాడవదు. నువ్వున్న ఆరు చలికాలాలూ అది నీ నెత్తిమీదే అరిగింది. ఆ అరుగుదలకి నువ్వు కట్టాలి, నీ తర్వాత వచ్చేవాడు కాదు. నెలకి 110 కడుతున్నది రాబోయే కప్పుకి కాదు, వాడేసిన కప్పుకి.

"ఒక్క రోజులో పని" అన్నావు కదా, మా దగ్గర ఏమైందో చెప్తా విను. మావి 36 ఇళ్ళు. రెండేళ్ళ కిందట కప్పులకీ సైడింగ్‌కీ (గోడల బయటి తొడుగు) కలిపి ఇంటికి 11,000 స్పెషల్ అసెస్‌మెంట్ వేశారు, 60 రోజుల గడువు. ఐదు ఇళ్ళవాళ్ళు కట్టలేకపోయారు. అందులో ఒకావిడకి 78 ఏళ్ళు, భర్త పోయారు, సోషల్ సెక్యూరిటీ తప్ప వేరే ఆదాయం లేదు. ఆవిడ ఇంటిమీద లియన్ (బాకీ కింద ఇంటిమీద హక్కు) వెయ్యాలా వద్దా అని బోర్డు రాత్రి పదకొండు దాకా కొట్టుకుంది. చివరికి బ్యాంకు లోన్ తీసుకున్నాం. దాని వడ్డీ ఇప్పుడు అందరి డ్యూస్‌లోనూ కలిసింది, నాతో సహా. నేను గడువులోపే మొత్తం కట్టేసినదాన్ని.

అమ్ముకునేటప్పుడు కూడా తప్పించుకోలేవు. మిన్నెసోటాలో ఇల్లు అమ్మేవాళ్ళు అసోసియేషన్ నుంచి రీసేల్ డిస్‌క్లోజర్ సర్టిఫికెట్ తెచ్చివ్వాలి. అందులో రిజర్వ్ ఎంతుందో రాస్తారు. కొనేవాడి ఏజెంటు ముందు చూసేది అదే. పైగా, చూడ్డానికి టౌన్‌హోమ్ అయినా మీది కాగితాల్లో కాండో (అపార్ట్‌మెంట్ లాంటి ఉమ్మడి యాజమాన్యం) అయి ఉండొచ్చు. అప్పుడు ఫ్యానీ మే (బ్యాంకుల దగ్గర ఇంటి లోన్లు కొనే సంస్థ) రూల్ వస్తుంది. బడ్జెట్‌లో కనీసం 10 శాతం రిజర్వ్‌కి పోవాలని ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చారు. లేకపోతే కొనేవాళ్ళకి లోన్ కష్టం.

కర్నూలు_కుర్రోడు
అక్కా, ఆ పెద్దావిడ విషయం నిజంగా బాధే, కాదనను. కానీ ఆవిడకి నెలకి 110 మాత్రం ఎక్కడినుంచి వస్తుంది? ఇక 10 శాతం అంటారా, మూర్తన్న వాళ్ళది 365లో 90, అంటే 24 శాతం పైనే. ఎప్పుడో దాటేశారు. ఆ రూల్ చూపించి భయపెట్టకండి.

స్వాతి_వుడ్‌బరీ
24 శాతం పెడుతున్నా రెండున్నర లక్షలు తగ్గిందంటే, ఆ 10 శాతం రూల్ ఈ ఊరి చలికి ఎందుకూ సరిపోదని నువ్వే చెప్తున్నావు.

మంచుపార
మీరంతా ఇన్సూరెన్స్ సంగతి మర్చిపోయారా? ఇక్కడ కప్పులకి సొంత డబ్బుతో షింగిల్స్ (కప్పు మీద పరిచే పలకలు) వేయించుకున్న అసోసియేషన్ నాకు తెలిసి ఒక్కటీ లేదు. ఏదో ఒక వేసవిలో వడగళ్ళ వాన పడుతుంది, క్లెయిమ్ వేస్తారు, కొత్త కప్పు వస్తుంది. మా కాలనీలో రెండుసార్లు అలాగే మార్చారు.

పాత_సివిల్
మంచుపార గారూ, అది పదేళ్ళ కిందటి మాట. ఇప్పుడు మీ పాలసీ తీసి గాలి, వడగళ్ళ డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో మన జేబులోంచి పెట్టుకోవాల్సింది) ఎంతో చూడండి. ఇదివరకు ఒక ఫిక్స్‌డ్ మొత్తం ఉండేది. ఇప్పుడు చాలా పాలసీల్లో బిల్డింగ్ విలువలో శాతం. ఒక బిల్డింగ్ 14 లక్షల డాలర్లకి ఇన్సూర్ చేసి 2 శాతం డిడక్టిబుల్ ఉందనుకోండి, బిల్డింగుకి 28,000. నాలుగిళ్ళకి పంచితే ఇంటికి 7,000. మూర్తి గారి కప్పు ఖర్చులో సగం అదే. కప్పు పాతదైతే కొన్ని కంపెనీలు అరుగుదల తీసేసి మిగిలిందే ఇస్తాయి. వడగళ్ళ కోసం దేవుడికి దండం పెట్టుకోవడం రిజర్వ్ ప్లాన్ అవదు.

అసలు నన్ను ఇక్కడికి లాక్కొచ్చింది వేరే విషయం. 9 ఏళ్ళు అన్న కప్పు 4 ఏళ్ళకి ఎందుకు దిగింది? అది ఎవరూ అడగలేదే!

నేను ముప్పై ఏళ్ళు ఈ రాష్ట్రంలో బిల్డింగుల పని చేసి రిటైరయ్యాను. రిజర్వ్ స్టడీలో ఆయుష్షు వేసేటప్పుడు చాలామంది పట్టిక చూసి వేస్తారు. షింగిల్స్‌కి ఇన్నేళ్ళు, తారు రోడ్డుకి ఇన్నేళ్ళు అని. ఆ పట్టికకి మీ అటిక్ (కప్పుకీ సీలింగ్‌కీ మధ్య ఖాళీ) సంగతి తెలియదు. ఇక్కడ కప్పుని చంపేది చలి కాదు, కిందినుంచి వచ్చే వేడి. ఇంట్లో వేడి గాలి సందుల్లోంచి అటిక్‌లోకి ఎక్కుతుంది, కప్పుమీద మంచు అడుగునుంచి కరుగుతుంది, ఆ నీరు చూరు దాకా జారి అక్కడ మళ్ళీ గడ్డకడుతుంది. చూరు కింద వేడి ఉండదు కదా. అదే ఐస్ డ్యామ్. దాని వెనక నిలిచిన నీరు షింగిల్స్ కిందికి ఎగదన్నుతుంది. షింగిల్ జారిపోయే నీటిని ఆపుతుంది గానీ నిలిచిన నీటిని ఆపలేదు. అందుకే చూరు అంచునుంచి గోడ లోపలికి 24 అంగుళాల దాకా కింద ఒక అంటుకునే పొర వెయ్యాలని కోడ్. డ్యామ్ అంతకంటే పైకి పోతే ఆ పొరా కాపాడదు.

నేను చూసిన ఒక ఇంటి కథ చెప్తాను. జనవరి, బయట మైనస్ 20 ఫారెన్‌హీట్. కిటికీ పైన గోడ ఉబ్బి, పెయింటు కింద నీళ్ళు బుడగలా వేలాడుతున్నాయి. ఆవిరి మెషీన్ తెచ్చి గడ్డ కరిగించే అతను గంటకి 400 తీసుకుని చూరు శుభ్రం చేసి వెళ్ళాడు. రెండు వారాల్లో మళ్ళీ అదే. నేను అటిక్ మూత తీసి టార్చ్ వేశాను. షింగిల్స్‌లోంచి కిందికి దిగిన మేకుల మొనలన్నిటికీ తెల్లటి మంచు పట్టి, వేలకొద్దీ నక్షత్రాల్లా మెరుస్తున్నాయి. చూడ్డానికి అందంగా ఉంది, చెప్పొద్దూ. కారణం ఏంటంటే, బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం ఊడిపోయి అటిక్‌లోనే పడుంది. ఆరేళ్ళుగా ఆ ఇంట్లో స్నానాల ఆవిరంతా కప్పు చెక్కలోకే పోతోంది. పక్కింటాయన మాత్రం మీటింగ్‌లో లేచి, ఇండియన్ల వంటల ఆవిరి వల్లే ఇదంతా అన్నాడు. మన ప్రెషర్ కుక్కర్ కూడా ముద్దాయి అయింది. గొట్టం బిగించి సందులు మూయడానికి ఖర్చు 900 అయింది. తర్వాతి చలికాలం నీళ్ళు రాలేదు.

కాబట్టి మూర్తి గారూ, 110 పెంచండి, తప్పదు. కానీ అటిక్ సరిచేయకుండా కొత్త షింగిల్స్ వేస్తే చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే. ఇంకో చిక్కు కూడా ఉంది. రిజర్వ్ స్టడీలో ఉన్నవాటిని మార్చే ఖర్చే రాస్తారు, లేని ఇన్సులేషన్ కొత్తగా పెట్టడం అందులో లైనుగా రాదు. అటిక్ అసోసియేషన్‌దా, ఇంటి ఓనర్‌దా అన్నది మీ డిక్లరేషన్‌లో (అసోసియేషన్ మూల పత్రం) చూడాలి. చాలాచోట్ల ఆ గొడవ తేలకే ఎవరూ పట్టించుకోరు.

వేణు_మియాపూర్
ఇక్కడ హైదరాబాద్‌లో అయితే బిల్డర్ మొదట్లోనే చదరపు అడుగుకి ఇంత అని కార్పస్ ఫండ్ తీసుకుంటాడు, ఎఫ్‌డీలో వేస్తారు, వడ్డీ వాడతారు. అసలు ముట్టుకోరు. మీకు అలా లేదా?

స్వాతి_వుడ్‌బరీ
కొనేటప్పుడు రెండు మూడు నెలల డ్యూస్ అడ్వాన్సుగా తీసుకుంటారండి, అంతే. అది మంచు ఎత్తడానికే చాలదు.

రాజు_మిసిసాగా
మా ఒంటారియోలో ఈ చర్చే ఉండదు. కాండో చట్టం ప్రకారం రిజర్వ్ ఫండ్ స్టడీ తప్పనిసరి, మూడేళ్ళకోసారి అప్‌డేట్ చెయ్యాలి. ఎంత కట్టాలో ఆ స్టడీ ఆధారంగా ప్లాన్ వేసి ఓనర్లకి పంపుతారు. అమ్మేసి పోయేవాడికి ఇష్టం ఉన్నా లేకపోయినా కట్టాల్సిందే.

చట్టం ఉన్నంత మాత్రాన సుఖం ఉందనుకోకండి. మాది 22 అంతస్తుల టవర్, కింద మూడు లెవెల్స్ పార్కింగ్. కార్లు మోసుకొచ్చే మంచులో రోడ్డు ఉప్పు ఉంటుంది. అది కరిగి స్లాబు పగుళ్ళలోకి దిగి లోపల ఇనుముని తినేస్తుంది. నా కారు బానెట్ మీద ఒకరోజు తెల్లటి సున్నపు చుక్కలు, గోకినా పోలేదు. పైకి చూస్తే స్లాబు నుంచి సన్నటి సున్నపు కడ్డీ వేలాడుతోంది, పక్కన తుప్పు మరక. ఆ ఏడాది వాటర్‌ప్రూఫ్ పొర మొత్తం ఎత్తి మళ్ళీ వేశారు. 2012 జూన్‌లో మా రాష్ట్రంలోనే ఎలియట్ లేక్‌లో మాల్ పైనున్న పార్కింగ్ కూలి ఇద్దరు చనిపోయారు. అక్కడా ఏళ్ళ తరబడి కారిన ఉప్పునీళ్ళే. అమెరికాలో 2021లో సర్ఫ్‌సైడ్ టవర్ కూలి 98 మంది పోయాకే ఫ్లోరిడా చట్టం మార్చింది.

మూర్తి_ప్లైమౌత్
అందరికీ థాంక్స్. ఒక విషయం మొదట్లో రాయలేదు, ఇప్పుడు ఒప్పుకుంటాను. 2022-23 చలికాలంలో ట్విన్ సిటీస్‌లో (మినియాపొలిస్, సెయింట్ పాల్) 90 అంగుళాల మంచు పడింది గుర్తుందా? మా ప్లో (మంచు ఎత్తే) కాంట్రాక్టు ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లకి డబ్బు లెక్క. ఫిబ్రవరికే బడ్జెట్ అయిపోయింది. అప్పటి బోర్డు రిజర్వ్ నుంచి 18,000 తీసి కట్టింది, ఇంతవరకు తిరిగి వెయ్యలేదు. మరుసటి ఏడాది 30 అంగుళాలు కూడా పడలేదు. ఆ మిగులుతో డ్యూస్ పెంచకుండా ఆపి చప్పట్లు కొట్టించుకున్నారు.

పాత_సివిల్
అది రాష్ట్ర చట్టం ప్రకారం తప్పు. 515బి చాప్టర్‌లో స్పష్టంగా ఉంది. రిజర్వ్ వేరే ఖాతాలో ఉంచాలి, రోజువారీ ఖర్చులకి దాన్నుంచి వాడకూడదు, అప్పుగా కూడా తీసుకోకూడదు. ఆ డబ్బు సరిపోతుందో లేదో కనీసం మూడేళ్ళకోసారి చూసుకోవాలి. మంచు ఎత్తడం రోజువారీ ఖర్చు. దానికి సీజన్ మొత్తానికి ఒకే రేటు కాంట్రాక్టు తీసుకోండి, లేదా తక్కువ పడిన ఏడాది మిగులు పక్కన పెట్టుకోండి. ముందు ఆ 18,000 వెనక్కి వేయించండి. గురువారం మొదటి అంశం అదే కావాలి.

కర్నూలు_కుర్రోడు
చూశారా! బోర్డు చేతిలో డబ్బుంటే ఇదే జరుగుతుందని నా భయం. నాకు ఇవ్వడం కష్టం కాదు, ఇచ్చింది అక్కడే ఉంటుందన్న నమ్మకం లేదు. ప్రతి నెలా రిజర్వ్ ఖాతా స్టేట్‌మెంట్ అందరికీ పంపిస్తామంటే, మొదటి ఏడాది 60, రెండో ఏడాది నుంచి మిగతాది అంటే, నేను మీ కాలనీలో ఉంటే చెయ్యెత్తేవాణ్ణి.

స్వాతి_వుడ్‌బరీ
స్టేట్‌మెంట్ విషయంలో నీతో వంద శాతం ఏకీభవిస్తా. 60 మాత్రం చాలదు. కప్పులు అయిన రెండేళ్ళకే రోడ్డు పని ఉందేమో మూర్తి గారిని అడుగు.

మూర్తి_ప్లైమౌత్
ఉందండి. లోపలి రోడ్లు, డ్రైవ్‌వేలు కలిపి 3,10,000. కప్పులు వేసేసరికి ఖాతా సున్నా. అక్కణ్ణుంచి ఇంటికి నెలకి 200 (ఇప్పటి 90, కొత్త 110) చొప్పున రెండేళ్ళలో 2,30,000 వస్తుంది. ఇంకా 80,000 తగ్గుతుంది. ధరలు ఇప్పుడున్నట్టే ఉంటాయని వేసిన లెక్క ఇది.

పాత_సివిల్
ఉండవు. ఏడాదికి 4 శాతం పెరిగినా నాలుగేళ్ళకి మీ 6,72,000 కాస్తా 7,86,000 అవుతుంది. రోడ్డు మాత్రం కొంచెం సాగదీయొచ్చు. పగుళ్ళలో దిగిన నీరు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతుంది. జనవరిలో గట్టిగా బిగిసిపోయిన రోజుల కంటే మార్చిలో పగలు కరిగి రాత్రి గడ్డకట్టే రోజులే రోడ్డుని పగలగొడతాయి. ప్రతి సెప్టెంబర్‌లో పగుళ్ళు పూడిస్తే మూడు నాలుగేళ్ళు కలిసొస్తాయి. అది చవక పని, అందుకే ఎవరూ చెయ్యరు. మూర్తి గారూ, మీ అటిక్ చూశారా?

మూర్తి_ప్లైమౌత్
ఇప్పుడే దిగాను. మా క్లోజెట్ పైన మూత ఉంది, పదేళ్ళలో మొదటిసారి తీశాను. మంచు సీజన్ కాదు కాబట్టి మేకులకి మంచు లేదు గానీ, మొనలన్నీ తుప్పు పట్టి ఉన్నాయి, వాటి చుట్టూ చెక్క నల్లగా అయింది. బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం ఇన్సులేషన్ మీద పడుంది, చివర ఎక్కడికీ తగిలించి లేదు. పక్కింటాయనవి, ఎదురింటావిడవి కూడా రేపు చూస్తాను. ఫోటోలు గురువారానికి ప్రింట్ తీస్తున్నా.