లొంబోక్‌లో ప్రశాంతమైన బీచ్, పక్కన సాసక్ ఊరు: అమ్మతో వెళ్ళొచ్చా?

గోరింటపూత:
జూన్‌లో బాలి వెళ్తున్నాం. అక్కడి జనం, ట్రాఫిక్ గురించి విని విని సగం ఉత్సాహం చచ్చింది, అందుకే చివర్లో కొన్ని రోజులు పక్కనున్న లొంబోక్ దీవిలో గోల లేని బీచ్ రిసార్టు ఏదైనా చూసుకుందామని. దగ్గర్లో సాదే అని, ఆ దీవి మూలవాసులైన సాసక్ వాళ్ళ పాత ఊరు ఉందట, అమ్మకి అది చూడాలని ఉంది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, పైగా గుడ్డు కూడా ముట్టదు. ఎక్కడ దిగమంటారు? అసలు అది నిజంగా ఊరేనా, టూరిస్టుల కోసం వేసిన సెట్టింగా?

ఉప్పుగాలి:
రూమ్ వెతికేటప్పుడు జాగ్రత్తండీ, ‘కూటా’ అని కొడితే ముందు బాలిలో ఉన్న కూటా వస్తుంది, లొంబోక్ కూటా వేరే. మీకు ప్రశాంతత కావాలంటే ఆ కూటాలో కూడా వద్దు, ఇంకాస్త పడమరగా సెలోంగ్ బెలానక్ వైపు చూడండి. ఒడ్డు దగ్గర లోతుండదు, అలలూ నెమ్మదే, అమ్మగారు భయం లేకుండా నీళ్ళలో నిలబడొచ్చు. సాయంత్రం గేదెల మంద ఇసుక మీదుగా తీరిగ్గా నడిచిపోతుంటుంది, తువ్వాలు పరుచుకుని పడుకున్నవాళ్ళే లేచి దారివ్వాలి!

బాలిలో పాదంగ్‌బాయ్ రేవు నుంచి లొంబోక్‌లో లెంబార్ రేవుకి ఫెర్రీ చవకే గానీ 4 గంటల పైనే పడుతుంది. మోకాళ్ళ నొప్పులంటున్నారు కాబట్టి విమానమే మేలు, ఎక్కిన కాసేపటికే దిగుతారు. బాలిలో దిగినప్పుడు 5 లక్షల రుపియా కట్టి తీసుకునే వీసానే దీనికీ సరిపోతుంది. జూన్‌లో వానల బెడద పెద్దగా ఉండదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో లొంబోక్ కూటా పక్కనే ఉన్న మండలిక ట్రాక్‌లో బైక్ రేసులప్పుడు మాత్రం రూముల కోసం కొట్టుకోవాలి.

చెట్టెక్కినకాకి:
ఊరు నిజమే, నమ్మకంగా చెప్తున్నా. కానీ అడుగుపెట్టగానే గైడు, విరాళం, అక్కడి నుంచి ప్రతి గుమ్మం ముందూ దండేల మీద బట్టలు, ‘చూడండి చూడండి’ అని పిలుపులు. నాకైతే పావుగంటలో విసుగొచ్చింది. దగ్గర్లోనే ఎండే అని ఇంకో ఊరుంది, కాస్త నెమ్మదిగా ఉంటుంది, అక్కడికి వెళ్ళండి.

పడుగుపేక:
పైన రాసినవారితో నేను ఒప్పుకోను. అక్కడ వరి వానాధారం, ఏడాదికి ఒక్క పంట, మిగతా నెలలు నేత మీదే బతకాలి, మరి అమ్మక ఏం చేస్తారు? నచ్చకపోతే నవ్వుతూ వద్దనండి, చాలు. అమ్మగారిని ఇళ్ళ లోపలికి తీసుకెళ్ళండి. మట్టిలో వరిపొట్టు కలిపి గట్టిగా దిమ్మిస చేసిన నేల, దాని మీద గేదె పేడతో రుద్ది మెరిపిస్తారు, మనం ఒకప్పుడు ఇల్లు అలికినట్టే. ఆరాక వాసన కూడా రాదు. గుమ్మం ఎంత కిందకి ఉంటుందంటే ఎంతటివాడైనా తలవంచే లోపలికి వెళ్ళాలి, ఇంటివాళ్ళకిచ్చే మర్యాద అది. ఆడవాళ్ళు కాళ్ళు చాపి కూర్చుని, మగ్గాన్ని నడుముకి బిగించుకుని నేస్తుంటారు. నేత వస్తేనే పిల్లకి పెళ్ళి అనేది అక్కడి పాత కట్టుబాటు.

ఒక్కటే ఇబ్బంది, ఊరు ఏటవాలు మీద ఉంది, మెట్లున్నాయి. కింది వరస ఇళ్ళు చూసుకుని వెనక్కొచ్చేసినా నష్టం లేదు. పొద్దున్నే వెళ్తే ఎండా తక్కువ, బస్సుల్లో వచ్చే గుంపులూ ఉండవు.

గోరింటపూత:
అందరికీ థాంక్స్. మెట్ల సంగతి చెప్పి మంచి పని చేశారండీ. తిండి మాటేంటి మరి?

ఉప్పుగాలి:
టోఫు, టెంపే (సోయా గింజలు పులియబెట్టి చేసే అచ్చు) ఎక్కడైనా దొరుకుతాయి. తూటికూరతో చేసే ప్లెచింగ్ కంకుంగ్ అని ఒకటుంది, కారంగా బాగుంటుంది, చూస్తే అచ్చం శాకాహారమే గానీ పైన వేసే పచ్చడిలో రొయ్యల ముద్ద కలుపుతారు. ‘తన్పా తెరాసి’ అని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి, అది లేకుండా చేయమని. వీలైతే రిసార్టు వంటవాళ్ళతో ముందురోజే మాట్లాడుకోండి, వేపుళ్ళలోకి చేపల సాస్ కూడా పడుతుంటుంది.