మెల్‌బోర్న్ బతుకమ్మ: శుక్రవారం లోపు తేలాల్సినవి

హన్మకొండ అక్క: భోజనాల లెక్క, సౌండ్, పూలు, పార్కింగ్ శుక్రవారానికి తేలాలి. కానీ ముందు ఇది చూడండి. సీలింగ్‌కు కొక్కెం వేయడానికి వీల్లేదని హాల్‌వాళ్లు ఇప్పుడే మెయిల్ పెట్టారు. పైనుంచి తాళ్లు వేలాడదీసి, ఆడుతూ వాటిని జడలా అల్లే జడ కోలాటం ఇక ఎట్లా?

పరకాల అన్న: తాళ్లు తీసేసి మామూలు కోలాటం వేయించండి. పెద్ద తేడా ఏముంది?

జనగామ చెల్లె: తేడా లేదా అన్నా? 12 మంది పిల్లలు 6 వారాలుగా నేర్చుకుంటున్నారు. ఎడమ చేతిలో తాడు, కుడి చేతిలో కోల. ఆరుగురు ఇటు, ఆరుగురు అటు. ఒకరి తాడు పైనుంచి పోతే, తర్వాత వచ్చేవాళ్ల తాడు కిందినుంచి పోవాలి. ఒక్కరు తప్పినా చిక్కే. అల్లడం కన్నా విప్పడం కష్టం, అవే అడుగులు వెనక్కి వేయాలి. మొన్న మొదటిసారి జడ మొత్తం విప్పి పిల్లలు ఎగిరి గంతేశారు. వాళ్లకు నేను ఏమని చెప్పాలి?

పరకాల అన్న: హాల్ వెతికింది నేను, అడ్వాన్స్ కట్టింది నేను. కొక్కెం సంగతి అప్పుడు ఒక్కరూ చెప్పలేదు. తప్పు నాదే అనుకుంటే వేరేవాళ్లకు అప్పగించండి.

జనగామ చెల్లె: మీ తప్పని నేనెక్కడ అన్నాను?

హన్మకొండ అక్క: ఇద్దరూ ఆగండి. ఊళ్లో మాస్టారికి ఫోన్ చేశాను. నడుమ గుంజ పాతి దాని తలకు తాళ్లు కట్టినా ఆడొచ్చన్నారు. జడ విడిగా వేలాడదు, గుంజను చుట్టుకుంటూ దిగుతుంది. అందరూ ఒకే బిగువుతో పట్టుకోవాలి, ఒకవైపే లాగితే గుంజ ఒరుగుతుంది.

నర్సంపేట తమ్ముడు: హాల్‌లో గుంజ పాతేదెక్కడ అక్కా?

పరకాల అన్న: మా గ్యారేజీలో 10 అడుగుల స్టీలు పైపుంది. దాని అడుగున టైరు పెట్టి ఇసుక బస్తాలు పేరిస్తే ఆగుతుంది. హాల్‌వాళ్లను అడిగాను, కింద రబ్బరు చాప వేస్తే సరేనన్నారు. చెల్లె, పొద్దున గట్టిగా రాశాను, ఏమనుకోకు.

జనగామ చెల్లె: అయ్యో, ఏం లేదన్నా. కానీ పైపు నున్నగా ఉంటుంది, తాళ్లు జారతాయి.

పరకాల అన్న: పైన అడ్డంగా బోల్టు వేస్తా. రేపు ఆరింటికి పిల్లల్ని మా ఇంటికే తీసుకురా, ఆడి చూద్దాం.

హన్మకొండ అక్క: భోజనాల లెక్క ఎవరైనా...

నర్సంపేట తమ్ముడు: బస్తాలు నేను తెస్తా. ఎన్ని కావాలన్నా?

పరకాల అన్న: ఎనిమిది. ఆట నడిచేటప్పుడు పైపు అడుగున ఇద్దరు కూర్చొని దాన్ని పట్టుకోవాలి. ఒకణ్ని నేను.

నర్సంపేట తమ్ముడు: రెండోవాణ్ని నేను.