మే 17కి అమ్మానాన్నలు ఓస్లోలో ఉంటున్నారు: ఊరేగింపు ఎక్కడ చూపించాలి?

గుంటూరు_ఆడపడుచు
అందరికీ నమస్కారం. ఈసారి నార్వే స్వాతంత్ర్య దినోత్సవానికి మా అమ్మానాన్నలు మా దగ్గరే ఉంటారు. రెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి తన బడితో కలిసి కార్ల్ యోహాన్ వీధి గుండా రాజభవనం దాకా నడుస్తుంది. మనుమరాలిని ఆ జెండాల మధ్య చూడాలని నాన్నగారు ఇప్పటినుంచే ఎదురుచూస్తున్నారు. అమ్మకు మోకాళ్ల నొప్పి, ఎక్కువసేపు నిలబడలేదు. ఇద్దరూ గుడ్డు కూడా ముట్టని శాకాహారులు. ఎక్కడ నిలబడితే బాగా కనిపిస్తుంది, బయట వాళ్లు తినగలిగినది ఏమైనా దొరుకుతుందా, పట్టుచీర ఆ చలికి ఆగుతుందా, పిల్ల చేతికి మన జెండా కూడా ఇవ్వవచ్చా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

కొలను_పక్క_ఇల్లు
పెద్దవాళ్లను రాజభవనం ఎదుటికి మాత్రం తీసుకువెళ్లకండి. మా అత్తమామలు వచ్చిన ఏడు అక్కడికే వెళ్లాం. ఓస్లోలో నూరుకు పైగా బడులు నడుస్తాయి. ఉదయం పది గంటలకు మొదలైన ఊరేగింపు మధ్యాహ్నం ఒంటిగంట దాటినా సాగుతూనే ఉంటుంది. అంతసేపూ మా అత్తగారికి కనిపించినవి ముందున్నవాళ్ల వీపులు, వాటి పైన ఊగే జెండాల కొసలే. కూర్చుందామంటే చోటు లేదు, వెనక్కి వద్దామంటే దారి లేదు. భవనం బాల్కనీలో రాజుగారు ఉన్నారని మావయ్యగారు నమ్మడమే గానీ చూసింది లేదు.

ఐద్స్‌వోల్_యాత్రికుడు
ముందుగా ఒక విషయం సరిదిద్దాలి. ఇది స్వాతంత్ర్య దినోత్సవం కాదు, రాజ్యాంగ దినోత్సవం. నేను ఈ దేశ చరిత్రను ఏళ్ల తరబడి చదువుతున్నవాడిని. ఆ రాజ్యాంగం పుట్టిన ఐద్స్‌వోల్ భవనాన్ని ఎన్నో తెలుగు కుటుంబాలకు దగ్గరుండి చూపించాను. కనుక ఈ మాట అధికారంతోనే చెబుతున్నాను. 1814 జనవరిలో కీల్ ఒప్పందం ప్రకారం డెన్మార్క్ రాజు నార్వేను స్వీడన్‌కు ధారాదత్తం చేయగా, దానికి ఒప్పుకోని 112 మంది ప్రతినిధులు ఐద్స్‌వోల్‌లో సమావేశమై, రాజ్యాంగం రాసుకుని మే 17న సంతకాలు చేశారు. ఆ వేసవిలోనే స్వీడన్‌తో యుద్ధం వచ్చింది. నవంబరుకల్లా నార్వే స్వీడన్ రాజు కిందికి వెళ్లక తప్పలేదు. ఆ బంధం తెగింది 1905లో. అంటే ఇది మన జనవరి 26తో పోల్చదగినదే గానీ ఆగస్టు 15తో కాదు. పిల్లలకు తప్పు నూరిపోయకండి.

సత్తెనపల్లి_అల్లుడు
ఆవిడ అమ్మగారి మోకాళ్ల గురించి అడిగితే మీరు చరిత్ర పాఠం మొదలుపెట్టారు. సరే, ఆ పాఠమైనా సగమే చెప్పారు. నార్వే స్వేచ్ఛాయుతమైన, స్వతంత్రమైన, విభజించరాని రాజ్యమని ఆ రాజ్యాంగం మొదటి అధికరణమే చెబుతుంది. అదే రోజున తమ రాజును తామే ఎన్నుకున్నారు. అది స్వాతంత్ర్య ప్రకటన కాకపోతే మరేమిటి? తరువాత స్వీడన్ రాజు కార్ల్ యోహాన్ ఈ పండుగను వద్దన్నాడు. 1829లో మే 17న రాజధాని కూడలిలో గుమిగూడిన జనాన్ని గుర్రపు దళంతో చెదరగొట్టారు. ఆ రాజు పేరున్న వీధిలోనే నేడు పిల్లలు జెండాలు పట్టుకుని నడుస్తున్నారు. మళ్లీ 1940 నుంచి 1945 దాకా జర్మన్ల ఆక్రమణలో ఈ వేడుక నిషిద్ధం. ఇన్ని నిర్బంధాలు ఓర్చి నిలిచిన రోజును ఉత్త రాజ్యాంగ దినమని ఎలా అంటారు?

ఐద్స్‌వోల్_యాత్రికుడు
ఉత్త రాజ్యాంగ దినమని నేను ఎక్కడ అన్నాను? అనని మాటలు నా నోట పెట్టకండి. మీరు చెప్పిన మొదటి అధికరణమే 1814 నవంబరులో మారి, “ఒకే రాజు కింద స్వీడన్‌తో కలిసిన” రాజ్యం అయింది. ఆ ముక్క మీరు చదివినట్లు లేదు. బంధం తెంచుకున్నట్లు నార్వే పార్లమెంటు ప్రకటించింది 1905 జూన్ 7న. ఆ రోజున ఇక్కడ జెండాలు ఎగురవేస్తారు, సెలవు మాత్రం ఇవ్వరు. పండుగంతా రాజ్యాంగానికే దక్కింది. ఈ జాతి తన గౌరవాన్ని దేనిలో చూసుకుంటుందో అందులోనే ఉంది. అయితే ఆ రాజ్యాంగం మచ్చ లేనిదేమీ కాదు. యూదులు ఈ దేశంలో అడుగు పెట్టరాదని రెండో అధికరణం శాసించింది. కవి హెన్రిక్ వెర్గెలాన్ దానిపై జీవితాంతం పోరాడి 1845లో కన్నుమూశాడు. నిషేధం తొలగింది 1851లో. నేటికీ మే 17 ఉదయం యూదు యువత ఆయన సమాధిపై పుష్పగుచ్ఛం ఉంచుతుంది. మీ నాన్నగారికి ఓపిక ఉంటే ముందు అక్కడికి తీసుకువెళ్లండి.

పెరుగన్నం
తిండి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజు దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి కాబట్టి పాలు, కూరగాయలు ముందు రోజే తెచ్చి పెట్టుకోండి. బయట ఎటు చూసినా పోల్సెలు అనే సాసేజీలు, ఐస్‌క్రీములే కనిపిస్తాయి. పోల్సెల్లో పంది మాంసం ఉండేవే ఎక్కువ. వాఫెల్ పిండిలో గుడ్డు కలుపుతారు, క్రాన్సెకాకె బాదం వలయాలను గుడ్డు తెల్లసొనతో చేస్తారు. పుల్లని మీగడను గోధుమపిండి, పాలతో ఉడికించే రొమ్మెగ్రోట్ దొరికితే మాత్రం వదలకండి. తేలిన వెన్న, చక్కెర, దాల్చినచెక్క పొడి పైన వేసి వేడివేడిగా ఇస్తారు. పక్కన ఎండుమాంసం ముక్కలు పెడతారు కనుక ముందే వద్దని చెప్పాలి. ఉప్మా కూడా నచ్చని మా మామగారు దాన్ని రెండోసారి అడిగి వేయించుకున్నారు. ఏదైనా సరే, సంచిలో పులిహోర పొట్లం తప్పనిసరి.

బెర్గెన్_వాన
ఎప్పుడూ ఓస్లో గొడవేనా? మా బెర్గెన్‌లో కుర్రాళ్ల దళాలు చెక్క తుపాకులు, చెక్క విల్లంబులు భుజాన వేసుకుని డప్పులు వాయిస్తూ నడుస్తాయి. బూయెకోర్ప్స్ అనే ఆ దళాలు ఇంకెక్కడా ఈ స్థాయిలో కనిపించవు. వాన పడినా ఒక్కరూ ఇంటికి పోరు. అమ్మగారికి పట్టుచీర మీద వానకోటు తప్పదు.

గద్వాల్_అంచు
పట్టుచీర ఇక్కడ నప్పదని నాకు ఒక తెలుగు ఆవిడ మొహం మీదే చెప్పింది, బునాద్ అనే ఇక్కడి సంప్రదాయ దుస్తులు వేసుకున్నవాళ్ల మధ్య మనం వేరుగా కనిపించకూడదట. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఏ లోయవాళ్లకు ఆ లోయ కుట్టుపని, ఏ జిల్లాకు ఆ జిల్లా రంగు, ఛాతీ మీద వెండి బిళ్లలు: బునాద్ అంటేనే ఎవరి ఊరిని వాళ్లు ఒంటిమీద ధరించడం. ఆ విద్యకు 2024లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. అలాంటి రోజున మన నేత కట్టుకోవడం కంటే పెద్ద మర్యాద ఏముంటుంది? నేను లోపల ఉన్ని దుస్తులు తొడుక్కుని గద్వాల్ చీర కట్టాను, పైన శాలువా కప్పుకున్నాను. పక్కింటి ముసలమ్మ జరీ అంచును వేళ్లతో తడిమి, తన బునాద్ చేతి అంచున అమ్మమ్మ కుట్టిన కుట్టు చూపించింది. మీ అమ్మగారిని ధైర్యంగా కట్టుకోమనండి.

సత్తెనపల్లి_అల్లుడు
చీర కట్టవచ్చు గానీ మన జెండా మాత్రం వద్దు. ఆ రోజు వాళ్ల జెండాది.

గద్వాల్_అంచు
పిల్ల చేతిలో ఇంకో చిన్న జెండా ఉంటే వాళ్ల జెండా చిన్నబోదు. 1983లో వలస కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉన్న ఓస్లోలోని సాగెనె బడికి ఊరేగింపులో నడిస్తే బాంబు పెడతామని బెదిరింపు వచ్చింది. అయినా ఆ పిల్లలు నడిచారు. మన పిల్లల నడక ఆ నడకకు కొనసాగింపు. అది తెలియకుండా ఇక్కడ తీర్పులు చెప్పకండి.

గోదావరి_తాతయ్య
బాబూ, అమ్మా, నేను బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. కిందటి వసంతంలో కొడుకు దగ్గర ఉండి ఈ వేడుక చూశాను. జనవరి 26న శకటాల వెనుక యుద్ధ ట్యాంకులు చూసి పెరిగిన నాకు, ఒక దేశం తన పెద్ద పండుగ రోజున ముఖ్య వీధిని బడిపిల్లలకు అప్పగించడం నమ్మలేని దృశ్యంగా తోచింది. ఒక్కో బడికి ఒక్కో పతాకం, దాని వెనుక బాజా, ఆ వెనుక వరుసలు. పతాకం ముందుకు రాగానే రాజుగారు తన పొడవాటి నల్ల టోపీ ఎత్తి పలకరిస్తారు. 1870లో ఈ ఊరేగింపు మొదలైనప్పుడు మగపిల్లలే నడిచారట. ఆడపిల్లలకు చోటు దొరికింది 1889లో. ఎర్రని పొడుగు దుస్తుల్లో అరుస్తూ తిరిగే కుర్రకారును చూసి మా ఆవిడ జంకింది. వాళ్లు బడి చదువు ఆఖరి సంవత్సరంలో ఉన్న విద్యార్థులట. మా మనుమడు పరుగెత్తి వాళ్లనుంచి పేర్లు అచ్చువేసిన చీటీలు దోసిలినిండా పోగుచేసుకు వచ్చాడు. కొలను పక్క ఇంటి అమ్మాయి చెప్పిన ఇబ్బంది నిజమే. అయినా నేను రాజభవనం దగ్గరే చూశాను, మళ్లీ అవకాశం వస్తే అక్కడే చూస్తాను.

గుంటూరు_ఆడపడుచు
అందరికీ ధన్యవాదాలు. తాతయ్యగారూ, మీ మాటలు నాన్నగారికి చదివి వినిపించాను. అమ్మ ఎక్కడ కూర్చోవాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.

కొలను_పక్క_ఇల్లు
అక్కా, నాన్నగారిని మీ వారితో రాజభవనానికి పంపండి. అమ్మగారిని ఉదయం బడి ఆవరణకు తీసుకువెళ్లండి. పిల్లలు బయలుదేరే ముందు జెండా ఎగురవేస్తారు, బాజా వాయిస్తారు. మడత కుర్చీ వేసుకుని మనుమరాలిని దగ్గరగా చూసుకోవచ్చు. మా బడిలో మధ్యాహ్నం మళ్లీ అక్కడే గోనెసంచి పరుగు, చెంచాలో బంగాళాదుంప పరుగు పెడతారు, మీ బడిలోనూ ఉంటాయేమో అడగండి. తల్లిదండ్రులకు బడి ఆవరణలో పెట్టే చిన్న దుకాణాల దగ్గర వంతులు వేస్తారు కాబట్టి మీ వంతు ఎప్పుడో బడివాళ్లను ఇప్పుడే కనుక్కోండి.